సముద్రానికి గేట్ పాస్

మన జిల్లా సముద్రానికి ఇంతకాలం చట్టం లేదన్న లోటు నిరుడు కార్తీకమాసంలో తీరిపోయింది. మంత్రి నరేంద్రబాబు గారు తెప్పలపాలెం ఇసుకలో వేసిన వేదిక ఎక్కి, సముద్రం వైపు చెయ్యి చాపి, "ఇక నుంచి నువ్వు మాట వినాలి" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. సముద్రం ఏమీ అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు మినిట్స్‌లో రాశారు.

ఆ మినిట్స్ టైపు చేసింది నేనే. ముత్తుకూరు తాసిల్దారు ఆఫీసుకు ఎదురుగా "మస్తానయ్య జిరాక్స్, డీటీపీ, ఫొటో స్టూడియో" అని బోర్డు ఉంటుందే, అది నాది. మండలంలో పుట్టిన ప్రతి కాగితం నా గాజుపలక మీద ఒకసారి బోర్లా పడుకుని వెళ్లాల్సిందే. అందువల్ల గొప్పవాళ్ల గొప్పతనం నాకు అందరికంటే ముందు, అదీ రెండు కాపీల్లో తెలుస్తుంది.

ఆ రోజు ప్రకటించింది "సముద్ర న్యాయశాస్త్ర స్నాతకోత్తర అధ్యయన కేంద్రం". ఎల్.ఎల్.ఎం., రెండేళ్ల కోర్సు. సముద్రానికి ఇంత దగ్గరగా కూర్చుని సముద్ర చట్టం చదివే చోటు ఆసియాలోనే లేదని మంత్రి గారు చెప్పారు. దగ్గర అన్న మాటలో అబద్ధమేమీ లేదు. పాలెంలో ఉన్న తుఫాను షెల్టర్‌లోనే కేంద్రం పెట్టారు. లోపల జాలర్లు దాచుకున్న వలలు బయటపడేసి, సున్నం కొట్టించి, బెంచీలు వేశారు.

డైరెక్టరుగా డాక్టర్ సుశీల్ కుమార్ గారు వచ్చారు. అంతకుముందు ఆయన సహకార సంఘాల చట్టం చెప్పేవారు. సముద్రం ఆయనకు డిప్యుటేషన్ మీద వచ్చింది. సీట్లు పన్నెండు. పదిమంది పార్టీ కార్యకర్తలు, వాళ్లు హాజరుపట్టీలో మాత్రమే కనిపించేవారు. పదకొండో విద్యార్థి స్వయంగా మంత్రి గారు. చదువుకు వయసు అడ్డం కాదని యువతకు చాటడానికి చేరారు. పన్నెండో సీటు మాత్రం ఎవరో చూసుకోకపోవడం వల్ల మెరిట్ మీద పోయింది. కోవూరు నుంచి వచ్చే ఎవాంజెలిన్ అనే అమ్మాయికి దక్కింది. ఆ పిల్ల రోజూ రెండు బస్సులు మారి వచ్చి నిజంగానే పుస్తకం తెరిచేది. ఈ దురలవాటు ముందుముందు కేంద్రానికి చాలా తలనొప్పులు తెచ్చింది.

తెలుగుకు పెద్దపీట వేస్తున్న ఏడాది అది. సిలబస్ తెలుగులో లేకపోతే జీవో రాదన్నారు. డైరెక్టరు గారు నిఘంటువు ఒళ్లో పెట్టుకుని నా షాపులో స్టూలు మీద కూర్చున్నారు.

"హై సీస్," అన్నారు.

"ఎత్తు సముద్రాలు అని కొట్టమంటారా సార్?"

"కొట్టు. ఇన్నోసెంట్ ప్యాసేజ్."

"అమాయకుల రాకపోకలు."

"బాగుంది. కాంటినెంటల్ షెల్ఫ్."

"ఖండాంతర అలమర."

"నీలో భాషాభిమానం ఉంది మస్తానయ్యా," అని ఆయన తర్వాతి మాటకు వెళ్లారు. "ఎక్స్‌క్లూజివ్ ఎకనమిక్ జోన్." నిఘంటువు తిరగేశారు. "ప్రత్యేక ఆర్థిక మండలం."

నాకు చెయ్యి ఆగింది. "సార్, ఫ్యాక్టరీలకు భూములిచ్చే స్పెషల్ ఎకనమిక్ జోన్‌ను కూడా పేపర్లో ఇట్లానే రాస్తారు."

"రెండింటికీ ఒకే మాట సరిపోతుంటే మంచిదే కదా. కొట్టు."

కొట్టాను. తప్పు నాది కాదు, టైపు మాత్రమే నాది.

మొదటి ఇంటర్నల్ పరీక్షకు మంత్రి గారు కార్లో పోతూ ఆ సిలబస్ పుస్తకం చదివారు. నాలుగో పేజీలో ఉంది: "తీరం నుంచి రెండువందల నాటికల్ మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలం తీరదేశానిదే." కారు ఆపించి, దిగి, రోడ్డు పక్కన నిలబడి మళ్లీ చదివారట. ఎనిమిదేళ్లుగా ఆయన మన దగ్గర ఐదొందల ఎకరాల్లో ప్రత్యేక ఆర్థిక మండలం పెట్టాలని తంటాలు పడుతున్నారు. రైతులు కోర్టుకు పోయి స్టే తెస్తున్నారు. ఇప్పుడు చూస్తే, ఐక్యరాజ్యసమితి వాళ్లు ఎప్పుడో మూడువందల డెబ్బై కిలోమీటర్లు ఇచ్చేసి కూర్చున్నారు. మన అధికారుల్లో ఒక్కరూ ఆ కాగితం చదివిన పాపాన పోలేదు.

సాయంత్రమే ప్రెస్ మీట్ పెట్టారు. "చదువు విలువ నాకిప్పుడు తెలిసింది. భూసేకరణ లేదు. రైతు లేడు. స్టే లేదు. అంతా ఒకే బిట్టు. చదును చేసే పని కూడా లేదు, దేవుడే చేసి పెట్టినాడు."

ఒక విలేఖరి లేచాడు. "సార్, అక్కడ నీళ్లుంటాయి కదా?"

"ఏ పరిశ్రమకైనా మొదట కావాల్సింది నీటి వసతే," అన్నారు మంత్రి గారు. విలేఖరి కూర్చుని అదే రాసుకున్నాడు.

తాసిల్దారు జయరామయ్య గారికి మాత్రం ఒక సందేహం వచ్చింది. "కొత్త మండలం అంటున్నారు. దానికి తాసిల్దారు ఎవరండీ?" అని అడిగారు. మీరే ఇన్‌చార్జి అనగానే ఆయన గొలుసు పట్టుకుని సర్వేకు బయల్దేరారు. మూడు రోజుల్లో అడంగల్ నా షాపుకు వచ్చింది. భూమి రకం దగ్గర "మాగాణి" అని రాశారు. నీటి ఆధారం దగ్గర "ఉంది" అని. వేసిన పంట, "చేప". అనుభవదారు, "చిన్నపోలయ్య వగైరా, ఆక్రమణ".

ఈ చిన్నపోలయ్య తెప్పలపాలెం జాలరి. ఒక ఫైబర్ పడవ, ఒక ఇంజను, నలభై ఏళ్ల సముద్రం అతని ఆస్తి. తాను ఆక్రమణదారుడినన్న సంగతి అతనికి ఒక సోమవారం తెల్లవారుజామున తెలిసింది. పడవలకూ నీళ్లకూ మధ్య ఒడ్డు పొడవునా ఇనుప కంచె, మధ్యలో గేటు, గేటు దగ్గర పెంచల్ అనే సెక్యూరిటీ. పెంచల్‌ది సముద్రానికి దూరంగా ఉన్న మాగాణి ఊరు. అతను సముద్రాన్ని మొదటిసారి చూసింది డ్యూటీలో చేరిన రోజే. గేటు ఫొటో తీయమన్నారని నేనూ అక్కడే ఉన్నాను.

"యాడికన్నా?" అన్నాడు పెంచల్.

"యాటకి."

"పాస్ ఉందా?"

"సముద్రానికి పాసేందబ్బయ్యా?"

"ఇది సముద్రం కాదన్నా, మండలం. లోపలికి పోవాలంటే యూనిట్ పాస్ ఉండాల. నన్ను తిట్టబాకు, నాకు జెప్పింది నేను జెప్తాండా."

చిన్నపోలయ్య ఆ పూటే నా షాపుకు వచ్చాడు. దరఖాస్తు నింపడం మొదలుపెట్టాం.

"యూనిట్ పేరు?"

"పడవ మీద గంగమ్మ తల్లి అని రాసుంది."

"ముడిసరుకు?"

"చేప."

"తయారయ్యే సరుకు?"

"చేపే గదన్నా."

"మధ్యలో ఏం ప్రక్రియ జరుగుతుంది?"

"సచ్చిపోద్ది," అన్నాడు.

అట్లానే టైపు చేశాను. వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు చూపలేదని వారంలో దరఖాస్తు తిరిగొచ్చింది. పాలెంలో అరవై పడవలు. అరవై దరఖాస్తులూ అదే కారణంతో తిరిగొచ్చాయి. పడవలు ఇసుకలో ఎండుతున్నాయి, వలలు కంచెకు వేలాడుతున్నాయి. ఒకరోజు చిన్నపోలయ్య భార్య ముత్తుకూరు మార్కెట్లో చేపలు కొనుక్కుని పోవడం నా కళ్లారా చూశాను. అదీ అయినవాళ్లు వస్తే తప్పక కొన్నది. ఇంటి ముందు సముద్రం పెట్టుకుని చేప కొనాల్సి వచ్చినందుకు ఆమె సంచి కొంగు కింద దాచుకుని పోయింది. అభివృద్ధి అంటే నాకు ఎంత అభిమానమున్నా, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఎవాంజెలిన్ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లింది. నేను ప్రశ్నపత్రాల కట్ట ఇవ్వడానికి పోయి తలుపు దగ్గర ఆగాను.

"సార్, ఆ మండలం ఈ మండలం కాదు సార్. ఆ రెండువందల మైళ్లలో చేపల మీద, అడుగున దొరికే ఖనిజాల మీద దేశానికి హక్కుంటుంది. అంతే. అది ఫ్యాక్టరీల జాగా కాదు. వేటకు పోయేవాళ్లను గేటు పెట్టి ఆపమని ఆ చట్టంలో ఎక్కడా లేదు."

"ఏ భాషలో లేదు?"

"ఇంగ్లీషులో సార్."

"మన జీవో ఏ భాషలో ఉంది?"

"తెలుగులో."

"తెలుగులో ఆ మాటా ఈ మాటా?"

"ఒకటే సార్."

"మరి? మాతృభాష మీద ఎందుకమ్మా నీకంత కోపం?"

ఆ పిల్ల పుస్తకం మూసి బయటికి వచ్చింది. ఆ రోజు నుంచి క్లాసు అయ్యాక సాయంత్రం బస్సు దాకా పాలెంలో కూర్చునేది. సముద్రాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్న దాని మీద ఆమె డిసర్టేషన్. పోటుకు నీళ్లు పైకొస్తాయి, పాటుకు వెనక్కి పోతాయి. పాటులో ఎంత వెనక్కి పోతాయో ఆ గీత నుంచి కొలవాలట. పుస్తకంలో గీత గురించి ఉంది గానీ ఆ గీత తెప్పలపాలెంలో ఎక్కడుందో లేదు. అది చిన్నపోలయ్య చూపించాడు. ఏ తిథికి ఏ ఇసుకమేట తేలుతుందో, ఎన్ని గంటలకు మునుగుతుందో కూడా చెప్పాడు. ఆమె నోట్సులో రాసుకుంది.

పుష్యమాసంలో శంకుస్థాపన పెట్టుకున్నారు. మండలం సముద్రంలో ఉంది కాబట్టి రాయి కూడా సముద్రంలోనే వేయాలి. పన్నెండో మైలు దగ్గర అని నిర్ణయించారు. సిలబస్‌లో అప్పటికి ఆ అంకె దాకా వచ్చారు. తీరా చూస్తే పోవడానికి పడవ లేదు. ఏ పడవకూ పాస్ లేదు. నిబంధనలు అందరికీ ఒకటే అని చాటుతూ మంత్రి గారు చిన్నపోలయ్య పడవకు ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా తాత్కాలిక పాస్ మంజూరు చేశారు.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. కృష్ణపట్నం వైపు థర్మల్ ప్లాంటు చిమ్నీలు కూడా కనపడలేదు. పడవలో మంత్రి గారు, డైరెక్టరు గారు, కెమెరాతో నేను, సిమెంటు దిమ్మకు బిగించిన శిలాఫలకం. మొదటి అల దాటగానే మంత్రి గారు పడుకుని మొహం మీద తువ్వాలు వేసుకున్నారు. డైరెక్టరు గారు ఆయన కాళ్ల దగ్గర ముడుచుకున్నారు. నేను కెమెరా సంచిలో తల పెట్టుకున్నాను. అట్లా ఎంతసేపు పోయామో తెలియదు.

"పన్నెండో మైలు వచ్చింది సార్," అన్నాడు చిన్నపోలయ్య.

మంత్రి గారు తువ్వాలు తీయకుండానే రాయి మీద చెయ్యి వేశారు. నేను సంచిలోంచి తలెత్తి ఫొటో తీశాను, చిన్నపోలయ్య తోశాడు. జిల్లా చరిత్రలో పునాదిరాయి ఇంత త్వరగా పునాదిలోకి పోవడం నేను చూడలేదు. ఆ తర్వాత ఇంజను ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నారు తువ్వాలు కింద నుంచి.

"ఎనిమిదైంది సార్. పాస్ అయిపోయింది. ఇప్పుడు ఇంజను ఏస్తే ఆక్రమణ అవుద్ది."

"రెన్యువల్ చేయిస్తాలే. పోనీ."

"రెన్యువల్ గేటు కాడ చేయాల సార్."

పడవ అటూ ఇటూ ఊగుతోంది. మంత్రి గారు తువ్వాలు ఎత్తి చూసి, మంచు తప్ప ఏమీ కనపడక, మళ్లీ కప్పుకున్నారు. "నీకేం కావాలి?"

"పాలెం పడవలకి ఇంక పాస్ అక్కర్లేదని ఒక కాగితం."

పాస్ వెనకవైపు, పడుకునే, మంత్రి గారు రాసి సంతకం పెట్టారు. ఇంజను మోగింది. ఒడ్డు అనుకున్నదానికంటే చాలా త్వరగా వచ్చింది.

మర్నాడు ఆ కాగితానికి అరవై కాపీలు తీసిచ్చాను. అరవై పడవలూ గేటు దగ్గర నిలబడ్డాయి. డైరెక్టరు గారు వచ్చారు. ఆయన చేతిలో చట్టం పుస్తకం ఉండటం నేను చూసింది అదే మొదటిసారి.

"ఈ సంతకం ఎక్కడ పెట్టారు?"

"పడవలో సార్," అన్నాడు చిన్నపోలయ్య.

"పన్నెండో మైలు దగ్గర. అక్కడితో మన జలాలు సరి. రాష్ట్ర మంత్రి గారి సంతకం ఆ గీత అవతల చెల్లదు. చట్టం చట్టమే."

సముద్ర చట్టంలో ఉన్న ఒక అంకె మా కేంద్రానికి పనికొచ్చింది ఆ ఒక్కరోజే. పెంచల్ తల దించుకుని గేటు మూశాడు. పడవలను మళ్లీ ఇసుకలోకి లాక్కుపోయారు. ఆడవాళ్లు ఎవరినని తిట్టాలో తెలియక సముద్రాన్నే తిట్టారు.

ఎవాంజెలిన్ చిన్నపోలయ్యను పక్కకు పిలిచింది. "పోలయ్యన్నా, నిజంగా పన్నెండు మైళ్లు పోయినారా?"

"అంత దూరం పోతే ఆ మనిషి బతకడమ్మణ్ణీ. ఈ కాలవ అవతల ఇసుకమేట ఉంది చూడు, దాని చుట్టూ తిప్పినా."

"అయితే ఆ మాట చెప్పు. సంతకం చెల్లుతుంది."

"నేను జెప్తే ఎవురు నమ్మతారు? అమావాస్య రానీ. పాటే జెప్పుద్ది."

అమావాస్య వచ్చింది. పాటుకు నీళ్లు వెనక్కి పోయాయి. మేట తేలింది, మేట మీద దిమ్మ తేలింది, దిమ్మ మీద మంత్రి గారి పేరు ఒడ్డుకు ఎదురుగా, బంగారు రంగు అక్షరాల్లో. గేటుకు రెండువందల అడుగులు ఉంటుంది. పాలెమంతా పోయి చూసింది. చిన్నపోలయ్య కాగితం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. గంటలో మంత్రి గారి కారు వచ్చింది.

ఆయన చాలాసేపు ఆ రాయిని చూశారు. రాయి దగ్గరుంటే సంతకం చెల్లుతుంది, గేటు తీయాలి. అప్పుడు పన్నెండో మైలు శంకుస్థాపన ఏమవుతుంది?

"నేను రాయి వేసింది పన్నెండో మైలు దగ్గర," అన్నారు చివరికి. "మస్తానయ్య దగ్గర ఫొటోలున్నాయి. రాయి నడిచి రాదు. కాబట్టి సముద్రమే పన్నెండు మైళ్లు వెనక్కి పోయింది."

పాటులో తేలే నేలకు చట్టంలో గుర్తింపు ఉందని డైరెక్టరు గారు పుస్తకం తెరిచి చూపించారు. జయరామయ్య గారు గొలుసుతో కొలిస్తే రెండువందల అడుగులే వచ్చింది. కొలతకూ జీవోకూ తేడా వస్తే జీవోనే ప్రామాణికమని ఆయన రిజిస్టర్లో పన్నెండు మైళ్లు రాసుకున్నారు. మర్నాడు పేపర్లలో మొదటి పేజీ: మంత్రి గారి చదువుతో జిల్లాకు కొత్త భూమి. చిన్నపోలయ్య కాగితానికి మాత్రం జవాబు రాతపూర్వకంగా వచ్చింది. సంతకం పెట్టిన రోజున అది సముద్రం కాబట్టి సంతకం చెల్లదు. ఈరోజు అది నేల కాబట్టి మండలం చెల్లుతుంది.

రెండేళ్ల కోర్సు మంత్రి గారు నాలుగు నెలల్లో ముగించారు. ఆఖరి పరీక్షలో ఒక ప్రశ్న: తెప్పలపాలెం నుంచి సముద్రం ఎంత దూరం? మంత్రి గారు పన్నెండు మైళ్లని రాసి బంగారు పతకం తెచ్చుకున్నారు. ఎవాంజెలిన్ నలభై అడుగులని రాసి ఫెయిలైంది.

పతక ప్రదానం మరుసటి అమావాస్యకు, కొత్త భూమి మీదే. మేట తేలగానే షామియానా వేశారు, ఎర్ర తివాచీ పరిచారు, కుర్చీలు వేశారు. ఒడ్డుకూ మేటకూ మధ్య ఉన్న కాలవలో అప్పుడు మోకాలు లోతే. అందరం పంచెలు ఎగ్గట్టి దాటాం. ఎవాంజెలిన్ గేటు దగ్గర డైరెక్టరు గారిని ఆపింది.

"సార్, పదకొండుకు పోటు మొదలవుతుంది. అప్పటికి వెనక్కి వచ్చేయండి."

"నువ్వు ఫెయిలైన అమ్మాయివి," అన్నారు ఆయన, నిజం చెప్పాలంటే దయగానే.

మంత్రి గారు పతకం మెడలో వేసుకుని దిమ్మ ఎక్కి ప్రసంగం మొదలుపెట్టారు. సముద్రం ఎందుకు వెనక్కి పోయిందో వివరిస్తుండగా తివాచీ తడిసింది. కార్యకర్తలు చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్కొక్కరే కాలవ దాటారు. జయరామయ్య గారికి అర్జెంటు ఫైలు గుర్తొచ్చింది. చివరి వరసలో కుర్చీలు తేలి, ఒకదాని వెంట ఒకటి ఒడ్డు వైపు బయల్దేరాయి. చూస్తుండగానే కాలవ గొంతు లోతైంది. మేట మీద మంత్రి గారు, డైరెక్టరు గారు, కెమెరా నెత్తిన పెట్టుకుని నేను మిగిలాం. నాకు ఈత రాదు.

"ఇది తాత్కాలికం," అన్నారు మంత్రి గారు మైకులో. మైకు పనిచేయలేదు. నీళ్లు దిమ్మ మీద ఆయన మోకాళ్లకు వచ్చాయి. అప్పుడు ఒడ్డు వైపు తిరిగి, "పడవ తెండయ్యా," అని కేకేశారు.

"పాస్ లేదు సార్," అన్నాడు పెంచల్ గేటు దగ్గర నుంచి.

"ఓరి నీ డ్యూటీ తగలెయ్య, గేటు తియ్యరా."

గేటు తెరుచుకుంది. శంకుస్థాపన తర్వాత మళ్లీ ఇప్పుడే గంగమ్మ తల్లి నీళ్లలోకి దిగింది. చిన్నపోలయ్య పడవను మాకు రెండు బారల దూరంలో ఆపాడు.

"ఇంకా దగ్గరికి రా," అన్నారు డైరెక్టరు గారు, నడుము లోతులో.

"నేల మీద పడవ తోలేదానికి నాకు పర్మిషన్ లేదు సార్."

అని, చొక్కా లోపల నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో కాగితం. పాలెం పడవలకు పాస్ అక్కర్లేదన్న అదే మాట, ఈసారి శుభ్రంగా టైపు చేసి, ముందురోజు నా షాపులోనే ఎవాంజెలిన్ చేయించింది. అట్టకు తగిలించి, పెన్నుతో సహా తెడ్డు మీద పెట్టి అందించాడు.

"సంతకం పెట్టండి సార్. పోయిన తూరి సముద్రం అన్నారు, చెల్లలేదు. ఇప్పుడు నేలే గదా."

మంత్రి గారు ఒడ్డు వైపు చూశారు. ఒడ్డున పాలెమంతా ఉంది, ఎవాంజెలిన్ ఉంది, విలేఖరులూ కెమెరాలూ ఉన్నాయి. ఆయన సంతకం పెట్టారు. తేదీ వేశారు. దాని కింద "స్థలం" అని ఒక ఖాళీ ఉంది. అక్కడ పెన్ను ఆగింది.

"ఇక్కడ ఏం రాయాలి?" అని డైరెక్టరు గారిని అడిగారు. ఆయన నీళ్లలో పుస్తకం కోసం వెతుక్కుంటున్నారు.

"ఏమయ్యా, ఇక్కడ ఏం రాయాలి?" అని చిన్నపోలయ్యను అడిగారు.

"నాకేం దెలుసు సార్, చదువు లేనోణ్ణి. పతకం మీకొచ్చింది గదా, మీరే రాయండి," అన్నాడు చిన్నపోలయ్య, పడవ జరగకుండా తెడ్డుతో ఆపుకుంటూ. "నిదానంగా ఆలోచించుకోండి సార్. పోటు ఇంకా గంట ఎక్కుద్ది."